నెత్తిన కిటికీ ఉన్న కారు

మార్కండేయ జయంతి రోజు కోసం లక్ష్మీరాజం వేసుకున్న పథకం చాలా చిన్నది. నడుం పట్టేసిందని చెప్పి పన్నెండింటిదాకా మంచం దిగకూడదు. పన్నెండింటికి ఊరేగింపు గుడి చేరుతుంది, ఒంటిగంటకి భోజనాలు మొదలవుతాయి. ఆ తర్వాత నడుం నొప్పి తగ్గిపోయినా అడిగేవాళ్ళుండరు. పథకం ప్రకారం రాత్రి నుంచే అతను మూలుగుతున్నాడు, అయితే ఆ మూలుగులో చాలా భాగం నిజమే. నొప్పి ఉన్నచోటు మాత్రం నడుం కాదు.

సూరత్‌లో మనవాళ్ళ పద్మశాలి సంఘం ఏటా ఈ జయంతికి మార్కండేయస్వామి పటాన్ని ఊరేగిస్తుంది. పటం ఎక్కిన బండిని నడిపే మనిషికి సంఘం అధ్యక్షుడు స్వయంగా పట్టు తలపాగా చుడతాడు. గడిచిన పదకొండేళ్ళుగా ఆ తలపాగా లక్ష్మీరాజం నెత్తిమీదే ఉంది. పాండేసరలో అతనికి పన్నెండు సాంచాలున్నాయి. మరమగ్గాన్ని మనవాళ్ళు సాంచా అనే అంటారు. వాటి మీద నేసిన బట్టను మార్కెట్టుకు చేర్చే వ్యాను ఒకటి ఉంది. ఏడాదిలో మిగిలిన రోజులన్నీ బట్టను మోసే ఆ వ్యాను జయంతి నాడు స్వామిని మోసేది. ఆ ఒక్క పూట లక్ష్మీరాజాన్ని చూసి పాండేసర నుంచి అమ్రోలి దాకా ఉన్న సాంచాల వాళ్ళందరూ నమస్కారం పెట్టేవాళ్ళు. పెట్టేది వెనకనున్న స్వామికే అని అతనికి తెలుసు, కానీ దారిలో తనకూ కొంత తగులుతుంది కదా.

ఈ ఏడు తోడల్లుడు ఉమాకాంత్ కారు కొన్నాడు. తెల్లది, గేర్లు వాటంతటవే మారేది, పైగా నెత్తిన కిటికీ ఉన్నది. ఆ కిటికీ చూసి కమిటీ వాళ్ళ మతిపోయింది. స్వామి పటాన్ని లోపల పీట మీద నిలబెట్టి ఆ కిటికీలోంచి పైకి లేపితే నాలుగు వీధుల అవతలికి కూడా దర్శనం అవుతుందట. వ్యానులో అయితే స్వామి కిటికీ పక్కన సీటు దొరికిన ప్రయాణికుడిలా కనిపించేవాడట. పదకొండేళ్ళలో ఒక్కరికీ తోచని ఈ మాట ఈ ఏడు అందరికీ ఒకేసారి తోచింది. "కారు నెత్తికి కిటికీ ఏంది, వానొస్తే ఎట్ల?" అని లక్ష్మీరాజం అడిగిన ప్రశ్నను ఎవరూ పట్టించుకోలేదు. మాఘమాసంలో సూరత్‌లో వాన పడదు.

ఉమాకాంత్ హజీరాలో పెద్ద ఫ్యాక్టరీలో ఇంజనీరు. మంచివాడు. లక్ష్మీరాజానికి అసలు ఇబ్బంది అదే. తోడల్లుడన్నవాడు కనీసం పండక్కొకసారి గొప్పలు పోవాలి, ఏదో ఒక మాట తూలాలి, తిట్టుకోవడానికి మనిషికి ఒక ఆధారం ఇవ్వాలి. ఉమాకాంత్ ఇవ్వడు. ఎదురొచ్చి కాళ్ళకు దండం పెడతాడు, అన్నా అన్నా అంటాడు, సాంచాల మీద లక్ష్మీరాజానికి ఉన్న పనితనం గురించి తన ఆఫీసులో చెప్పుకుంటాడు. ఇంటికి వస్తే లక్ష్మీరాజం భార్య స్వరాజ్యం, చెల్లెలి మొగుణ్ణి మరిదీ మరిదీ అని పిలుస్తూ రెండు కూరలు ఎక్కువ చేస్తుంది. ఆ రెండు కూరలూ లక్ష్మీరాజానికి అరగవు.

ఆరున్నరకు ఫోను మోగింది. స్వరాజ్యం ఫోను తెచ్చి మంచం మీద పడుకున్న మొగుడి చెవికి ఆనించింది. అవతల ఉమాకాంత్.

"అన్నా, కారు స్టార్ట్ అయితలేదు. నిన్న సాయంత్రం హాలు దగ్గర పెట్టిన, ఇప్పుడు బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. నువ్వొక్కసారి రావాలె. దీని సంగతి నువ్వు తప్ప ఇంకొకరు చెప్పలేరు."

లక్ష్మీరాజం మంచం మీద నిటారుగా లేచి కూర్చున్నాడు. నడుం గురించి స్వరాజ్యం ఏమీ అడగలేదు, అతనూ ఏమీ చెప్పలేదు. బనీను మీద పాత చొక్కా తగిలించుకుని బయల్దేరబోతుంటే ఆమె అల్మరా తీసింది.

"జర కొత్త అంగి తొడుక్కొని పో."

"బండి కిందికి దూరేటోనికి కొత్త అంగి ఎందుకే?"

"తొడుక్కోమంటే తొడుక్కో. నేను గూడ వస్తున్న."

అతను ఎదురు చెప్పకుండా తొడుక్కున్నాడు. కొత్త చొక్కాకు అతని కారణాలు అతనికి ఉన్నాయి. ఈ ఏడు వ్యానును ముట్టుకునేది లేదని ఒట్టు పెట్టుకుని కూడా అలవాటు కొద్దీ మొన్ననే అద్దంలా కడిగించాడు. దారిలో వ్యాను ఆపి బంతిపూల దండ ఒకటి కొని సీటు కింద పెట్టాడు. భార్య చూస్తే ఇంట్లో గుమ్మానికని చెప్పాడు. తాపీ వంతెన దాటుతున్నప్పుడు అతను ఈల వేస్తున్నాడని స్వరాజ్యం గమనించింది.

అమ్రోలిలో సంఘం హాలు ముందర షామియానా కింద కారు నిలబడి ఉంది. నెత్తిన కిటికీలోంచి స్వామి పటం మూడడుగులు పైకి లేచి, పట్టు గుడ్డ కప్పుకుని ఉంది. చూడటానికి బ్రహ్మాండంగా ఉంది. అలా ఉన్నందుకు లక్ష్మీరాజానికి పళ్ళు నూరుకోవాలనిపించింది. ఉమాకాంత్ ఎదురొచ్చి వంగి దండం పెట్టాడు. లోపల పులిహోర కలుపుతున్న ఆడవాళ్ళలోంచి అతని భార్య సుమన, బావా వచ్చినవా అంటూ బయటికి వచ్చి అక్కను లోపలికి తీసుకుపోయింది.

లక్ష్మీరాజం డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. బటన్ నొక్కాడు. లైట్లు వెలిగాయి, హారన్ మోగింది, ఫ్యాను తిరిగింది. ఇంజన్ మాత్రం కిమ్మనలేదు. అంటే బ్యాటరీ బాగానే ఉంది. ఎదురుగా స్పీడు చూపే గడియారాల మధ్య చిన్న తెర మీద గేరు ఏదో చూపించే గడి ఖాళీగా ఉంది. గేరు కడ్డీ చూస్తే బండి నిలిపి ఉంచే 'పి' దగ్గరే ఉంది. కడ్డీ పి దగ్గర ఉన్నప్పుడు తెర మీద పి కనపడాలి కదా. లక్ష్మీరాజం ఒక నిమిషం ఆలోచించి, చాయ్ తాగందే తన తలకాయ పని చెయ్యదని ఉమాకాంత్‌ను చాయ్‌కి పంపాడు.

ఒంటరిగా దొరికాక బ్రేకు తొక్కి కడ్డీని ఒక్కో మెట్టే కదిపాడు. ఆర్ అనే మెట్టుకు రాగానే కారు వెనకనుంచి ఒక ఆడగొంతు గట్టిగా, "సావధాన్, గాడీ పీఛే ఆ రహీ హై" అంది. లక్ష్మీరాజం సీట్లో ఎగిరిపడ్డాడు. కారు వెనక్కి తీసేటప్పుడు స్కూటర్ల వాళ్ళు తప్పుకోవడం లేదని బండి వెనక్కి వస్తోంది జాగ్రత్తని హిందీలో చెప్పేలా సుమన పట్టుబట్టి పెట్టించిన గొంతు అది. ఆ తర్వాతి మెట్టు ఏ గేరూ పడని ఎన్. తెర మీద ఎన్ అనే అక్షరం పచ్చగా వెలిగింది.

అంతే, సంగతి మొత్తం అర్థమైంది. మంచి సాంచాల మీద దారం తెగితే మిషను దానంతటదే ఆగిపోతుంది. ఒక్కో దారం మీద ఒక్కో సన్నటి రేకు వేలాడుతుంటుంది, దారం తెగితే రేకు కిందపడి తీగను తాకుతుంది, సాంచా ఆగుతుంది. ఒక్క దారమూ తెగకుండానే సాంచా ఆగితే తప్పు దారాలది కాదు, కబురు మోసే రేకుది. ముప్పై ఏళ్ళుగా ఇది లక్ష్మీరాజానికి అన్నం తిన్నంత మామూలు. ఈ కారులోనూ గేరు పెట్టె నిక్షేపంగా ఉంది. గేరు ఎక్కడుందో ఇంజన్‌కు కబురు చేరవేసే స్విచ్చు ఒకటి ఉండాలి, దానికి పి దగ్గర మాట పడిపోయింది. హజీరా సముద్రపు గాలికి రోజంతా నిలబడే బండి, ఎక్కడో ఉప్పు పట్టి ఉంటుంది. ఎన్‌లో పెట్టి నొక్కితే ఇప్పుడే స్టార్ట్ అవుతుంది.

"ఎన్‌ల పెట్టి నొక్కు తమ్మీ." నాలుగు మాటలు. నాలుక చివరిదాకా వచ్చాయి కూడా. అప్పుడే అతని చూపు పక్క సీటు మీద పడింది. అక్కడ ప్లాస్టిక్ కవర్లో మడతపెట్టి ఈ ఏటి తలపాగా ఉంది. ఆకుపచ్చ పట్టు, చెయ్యి వెడల్పు జరీ. పదకొండేళ్ళుగా అతనికి కట్టింది సాదా ఎరుపుది.

లక్ష్మీరాజం కడ్డీని జాగ్రత్తగా మళ్ళీ పి దగ్గరికి తోసి కిందికి దిగాడు. ఉమాకాంత్ చాయ్ గ్లాసుతో వచ్చాడు.

"గేర్‌బాక్స్ పోయింది తమ్మీ."

"గేర్‌బాక్సా?" ఉమాకాంత్ నోరు తెరిచాడు. "గేర్‌బాక్సేనా అన్నా?"

"లోపట పళ్ళు అరిగినయ్. ఖతం. ఇగ బటన్ నొక్కినవంటే ఉన్నది గూడ పోతది, ముట్టకు. వర్క్‌షాపుల పది దినాలు పెట్టుకో."

ఉమాకాంత్ ఏదో అనబోయి, మింగేశాడు. అతని మొహం వాడిపోయింది. ఆ వాడిపోవడం చూసి లక్ష్మీరాజానికి చాయ్‌లో పంచదార ఎక్కువైనట్టు తియ్యగా అనిపించింది. పాపం, కొత్త కారు కదా అని ఓదార్చాడు కూడా.

సంఘం అధ్యక్షుడు పరమేశ్వర్ కబురందుకుని పది నిమిషాల్లో వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, మందపాటి కళ్ళద్దాలు, సంఘంలో ఆయన మాటకు ఎదురుండదు. ఆయన వచ్చేసరికి లక్ష్మీరాజం వ్యాను షామియానా ముందరికి వచ్చి నిలబడి ఉంది, బంతిపూల దండ సీటు కిందనుంచి బయటికి వచ్చింది. తన వ్యాను ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుందనీ, స్వామిని అందులోకి మార్చడం ఐదు నిమిషాల పని అనీ చెప్పాడు. పరమేశ్వర్ తల అడ్డంగా ఊపాడు.

"నిన్న కొబ్బరికాయ కొట్టి కూసోబెట్టినం. ఇగ గుడి ముందటనే దించుడు. నడిమిట్ల దించితే సంఘానికి మంచిది కాదు."

ఇది లక్ష్మీరాజానికి తెలియని ఆచారం కాదు. పదకొండేళ్ళూ ముందురోజు సాయంత్రం కొబ్బరికాయ కొట్టింది అతనే. కుళ్ళులో పడి మరిచిపోయాడు, అంతే. ఇప్పుడు గుర్తుకొచ్చింది. మరి బండి కదలకపోతే స్వామి ఎలా కదులుతాడని అడిగాడు. దానికి జవాబు చుట్టూ చేరిన సాంచాల వాళ్ళే చెప్పారు. సాంచాలను లారీల మీదికి ఎక్కించే మోకులు ఇంటింటికీ ఉన్నాయి. గేరు ఎన్‌లో వేసి మోకులు కట్టి లాగితే సరి. ఇంజన్ అక్కర్లేదు.

పావుగంటలో ఆ మాట అమ్రోలి అంతా పాకింది. పాకే కొద్దీ పెరిగింది. పెట్రోలు బండి వద్దు, నా బిడ్డల చేతులతోనే కదులుతానని స్వామే ఇంజన్‌ను ఆపేశాడన్నారు. రాత్రి షిఫ్టు దిగి నిద్రకు పోవలసినవాళ్ళు కూడా స్నానాలు చేసి వచ్చారు. మోకు పట్టుకోవడానికి చోటు కోసం తోసుకున్నారు. నాలుగు మోకులు ఆరయ్యాయి. స్టీరింగు దగ్గర ఎవరో ఒకరు కూర్చోవాలి కాబట్టి ఉమాకాంత్ కూర్చున్నాడు, కూర్చున్నవాడి నెత్తిన తలపాగా ఉండాలి కాబట్టి పరమేశ్వర్ చుట్టాడు. చుట్టించుకుంటూ ఉమాకాంత్ ఇబ్బందిగా లక్ష్మీరాజం వైపు చూశాడు. అది గర్వమని లక్ష్మీరాజం నిర్ణయించుకున్నాడు.

ఇక వ్యాను. అంత శుభ్రంగా కడిగిన వ్యానును ఊరికే వదలడం ఎందుకని పరమేశ్వర్ అందులో మంచినీళ్ళ క్యాన్లూ, రెండు పెద్ద డ్రమ్ముల మజ్జిగా ఎక్కించమన్నాడు. ఊరేగింపు చిట్టచివర నడవమన్నాడు. స్వరాజ్యం బంతిపూల దండ వాడిపోతుందని మజ్జిగ డ్రమ్ముకు వేసింది.

తొమ్మిదింటికి ఊరేగింపు కదిలింది. ముందు డప్పులు, తర్వాత మోకులు లాగే జనం, స్వామి, స్వామి వెనక కలశాలు ఎత్తుకున్న ఆడవాళ్ళు, వాళ్ళ వెనక బ్యాండు మేళం, ఆ వెనక ఎనిమిది వందల మంది, వాళ్ళందరి వెనక మజ్జిగ. లక్ష్మీరాజానికి ఆ చివరినుంచి కనిపించేవి వీపులు. వార్తలు మాత్రం ఎప్పటికప్పుడు వస్తూనే ఉన్నాయి. దారి పొడుగునా గుజరాతీ వాళ్ళు మేడల మీదనుంచి పూలు చల్లుతున్నారట. మూలమూలనా ఆగి హారతులిస్తున్నారట. ఒకావిడ ఉమాకాంత్‌కు కూడా దిష్టి తీసిందట. మజ్జిగ కోసం వచ్చిన ఒక పెద్దమనిషి గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకుంటూ, ఇంత బాగా ఎప్పుడూ జరగలేదు, ఇక ఏటా ఈ కారునే మోకులతో లాగుదామని కమిటీలో అందరూ అనుకుంటున్నారని చెప్పి వెళ్ళాడు.

లక్ష్మీరాజం ఇప్పటిదాకా ఒక ఏడాది తలపాగా పోయిందనుకున్నాడు. ఇప్పుడు చూస్తే, తను ఆడిన అబద్ధమే ఆచారమై కూర్చుని ఇక ఎప్పటికీ ఆ తలపాగాను ఉమాకాంత్ నెత్తికి కుట్టేసేలా ఉంది. ఎలాగైనా ఆ మోకులు ఊడాలి. ఊడాలంటే ఇంజన్ మోగాలి. మోగించడం అతనికి క్షణంలో పని, ఎన్‌లో బటన్ నొక్కితే చాలు. కానీ అంత సులువుగా నొక్కితే పొద్దున్న పళ్ళు అరిగాయన్న మాట ఏమవుతుంది? కాబట్టి చూసేవాళ్ళకు పెద్ద రిపేరు కనపడాలి, చెమట కనపడాలి, చేతికి మసి అంటాలి.

దారికి సగంలో చౌరస్తా దగ్గర ఊరేగింపు ఆగింది. లక్ష్మీరాజం వ్యాను దిగి, సాంచాల సామాను సంచి భుజాన వేసుకుని, జనాన్ని తోసుకుంటూ ముందుకు వెళ్ళాడు. ఇంకొక్కసారి చూస్తానన్నాడు. బానెట్ ఎత్తి, గేరు పెట్టె పక్కన మూడు వేళ్ళంత స్విచ్చును పట్టుకున్నాడు. దానికి వచ్చిన వైర్ల మూతి ఊడదీస్తే లోపల వరసగా సన్నటి పిన్నులు, ఒకదానికి పచ్చగా చిలుము. తను అనుకున్నదే. సాంచా రేకులకు ఎలా చేస్తాడో అలాగే జేబులోంచి బ్లేడు తీసి పిన్నులన్నీ బరబరా గీకాడు. సాంచా రేకులు బలమైనవి, ఎంత గీకినా ఏమీ కాదు. ఇవి గుండుసూదుల్లాంటివి. ఒకటి వంగి పక్కదానికి ఆనుకున్న సంగతి అతను చూడలేదు. చూసేవాళ్ళ కోసం ఇంకో ఐదు నిమిషాలు అక్కడా ఇక్కడా కొట్టి, చెమట తుడుచుకుని, వైర్ల మూతి తిరిగి బిగించి, సీట్లో కూర్చుని బటన్ నొక్కాడు. ఇంజన్ గుర్రుమంది. తెర మీద అక్షరం వెలిగిందో లేదో చూసుకునే తీరిక లేదు, జనం ఈలలు వేస్తున్నారు.

"గేర్‌బాక్స్ అన్నవ్ కదన్నా," అన్నాడు ఉమాకాంత్ ఆశ్చర్యంగా.

"గేర్‌బాక్సే. చెయ్యి తెలిసినోని చెయ్యి పడితే అది గూడ ఇంటది."

పరమేశ్వర్, ఉమాకాంత్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఉమాకాంత్ మొహం వెలిగిపోయింది. ఎవరూ అడగకముందే తలపాగా తీసి పరమేశ్వర్ చేతిలో పెట్టాడు. స్టార్ట్ చేసిన చెయ్యే నడపాలంటూ పరమేశ్వర్ దాన్ని లక్ష్మీరాజానికి చుట్టాడు. ఉమాకాంత్ వెనక్కి నడిచి వెళ్ళి మజ్జిగ వ్యాను ఎక్కాడు. ఓడిపోయినవాడు అంత హుషారుగా ఎందుకు నడుస్తున్నాడో లక్ష్మీరాజానికి అర్థం కాలేదు. అర్థం చేసుకునే అవసరమూ కనపడలేదు. పట్టు నెత్తిమీద చల్లగా ఉంది, జరీ నుదుటికి తగులుతోంది. మోకులు విప్పేశారు. లాగిన కుర్రాళ్ళు డప్పుల దగ్గరికి పోయి చిందులు మొదలుపెట్టారు. లక్ష్మీరాజం కడ్డీని ముందుకు నడిపే డి దగ్గరికి లాగి బ్రేకు వదిలాడు. కారు ముందుకు కదిలింది.

"సావధాన్, గాడీ పీఛే ఆ రహీ హై."

లక్ష్మీరాజం గబుక్కున ఆపి కడ్డీ చూశాడు. డి దగ్గరే ఉంది. మళ్ళీ కదిలించాడు. కారు నెమ్మదిగా ముందుకు పోతూ, వెనక్కి వస్తున్నాను తప్పుకోండని అంతకంతకూ గట్టిగా చెప్పుకుపోతోంది. వెనక తెల్ల దీపాలు రెండూ వెలుగుతున్నాయి. ముందున్న పెద్ద తెర మీద వెనక దృశ్యం ప్రత్యక్షమైంది. అందులో స్వరాజ్యం, సుమన నెత్తిన కలశాలతో బెదిరిపోయి వెనక్కి అడుగులు వేస్తున్నారు.

కలశాల వాళ్ళు వెనక్కి జరిగితే బ్యాండు వాళ్ళు జరిగారు. బ్యాండు జరిగితే దాని వెనకవాళ్ళు ఎందుకో తెలియకుండానే జరిగారు. వాలంటీర్లు స్వామి బండి బ్రేకు ఫెయిలైందనుకుని ఈలలు ఊదారు. మైకు పట్టుకున్నతను, భక్తులు దయచేసి వెనక్కి జరగాలి, ఇంకా జరగాలి అని మూడు భాషల్లో మొదలుపెట్టాడు. కారు వంద గజాలు ముందుకు పోయేసరికి జనం వంద గజాలు వెనక్కి పోయారు. ఆ గొంతు వినబడనంత దూరం పోయాక కూడా మైకు వినబడుతోంది కాబట్టి ఆగలేదు. చివరికి అందరికంటే వెనకనున్న భారీ మనిషి ఒకడు వీపుతో వచ్చి మజ్జిగ వ్యాను ముందుభాగం మీద కూర్చున్నాడు. అతని మీదికి ఇంకో ఇద్దరు వచ్చి కూర్చున్నారు. వ్యాను ఊగి, వెనక తలుపు తెరుచుకుని, రెండు డ్రమ్ముల మజ్జిగా చౌరస్తాలోకి దిగింది. ఆ తర్వాత వెనక్కి జరిగినవాళ్ళు జరగలేదు, జారారు.

లక్ష్మీరాజం ఇదంతా తెర మీద కొంతవరకూ చూశాడు. దిగి వెళ్ళి ఆ వైర్ల మూతి మళ్ళీ ఊడదీస్తే గొంతు ఆగుతుందని అతనికి తెలుసు. కానీ దిగితే తలపాగా మళ్ళీ ఎవరి నెత్తికి పోతుందో. కాబట్టి దిగలేదు. పళ్ళు బిగించి ముందుకే నడిపాడు. చిందులేస్తున్న కుర్రాళ్ళు వెనక్కి తిరిగి చూసి, స్వామి వెనక ఒక్కరూ లేకపోవడంతో, ఏమైందోనని అతన్ని దాటుకుని వెనక్కి పరిగెత్తారు. డప్పుల వాళ్ళూ వాళ్ళ వెంటే పోయారు. అలా స్వామీ లక్ష్మీరాజమూ ఇద్దరే గుడి చేరారు. గుమ్మంలో హారతి పళ్ళెంతో నిలబడ్డ పూజారి వీధి చివరిదాకా చూసి, జనమేరీ అని అడిగాడు. వస్తున్నరన్నాడు లక్ష్మీరాజం. "గాడీ పీఛే ఆ రహీ హై" అంది కారు. పూజారి రెండడుగులు పక్కకు జరిగి నిలబడ్డాడు.

ఇంజన్ ఆపి అతను ముప్పావుగంట ఒంటరిగా కూర్చున్నాడు. ఆ తర్వాత వీధి మలుపులో మొదటి జనం కనిపించారు. అందరూ నడుములదాకా మజ్జిగతో తెల్లగా ఉన్నారు. స్వరాజ్యం మొగుడి వైపు చూసిన చూపులో ఆ వారం వంట ఏమిటో స్పష్టంగా కనిపించింది. పరమేశ్వర్ కళ్ళద్దాలకు ఒక కాడ లేదు. అందరికంటే ముందు ఉమాకాంత్ వచ్చి, ఒక్క మాటా అనకుండా బానెట్ ఎత్తి, వైర్ల మూతి ఊడదీశాడు. వంగిన పిన్నును కారు తాళం కొసతో తిన్నగా చేసి బిగించాడు. కారు స్టార్ట్ చేసి చూస్తే తెర మీద పి పచ్చగా వెలిగింది. డి దగ్గర గొంతు లేదు.

"బరాబర్ పట్టినవన్నా," అన్నాడు ఉమాకాంత్ చేతులు తుడుచుకుంటూ. "పోయిన వారమే సర్వీసు వాళ్ళు గూడ ఇదే చెప్పిన్రు. స్విచ్చు మార్చాలె, అప్పటిదాక ఎన్‌ల పెట్టి స్టార్ట్ చేసుకో అన్నరు."

మరి తెలిసి తెలిసి పొద్దున్నే తనను ఎందుకు పిలిచినట్టని అడిగాడు లక్ష్మీరాజం. ఉమాకాంత్ నేల చూపులు చూశాడు. జవాబు పరమేశ్వర్ చెప్పాడు.

"నిన్న కొబ్బరికాయ కొట్టినంక నా దగ్గరికి వచ్చిండయ్యా. పదకొండేండ్ల సంది అన్న కట్టుకునే తలపాగా, నా నెత్తిన ఎట్ల పెట్టుకుంట, కిటికీ కోసం కమిటీ అడిగితే కాదనలేకపోయిన అన్నడు. పొద్దుగాల కారు మొరాయించిందని అన్నను పిలుస్త, ఆయన నిమిషంల పట్టుకుంటడు, స్టార్ట్ చేసిన చెయ్యే నడపాలని మీరు అనుండ్రి అన్నడు. అందుకే ఈసారి జరీది తెప్పించిన. నువ్వేమో గేర్‌బాక్స్ అంటివి."

ఎన్‌లో పెట్టి నొక్కమని ఆ నాలుగు మాటలు చెప్పి ఉంటే ఏడింటికే ఆ తలపాగా తనది. మోకులు లేవు, మజ్జిగ లేదు, పూలన్నీ తన మీదే పడేవి. లక్ష్మీరాజం ఉమాకాంత్ వైపు తిరిగాడు.

"ఎన్‌ల పెట్టి నువ్వొక్కసారి నొక్కి చూడకపోయినవా తమ్మీ?"

"నువ్వు ముట్టకు అన్నవ్ కదన్నా. సర్వీసు వాళ్ళ మాట కంటె నీ మాటనే నమ్మిన."

లక్ష్మీరాజానికి సిగ్గేసింది. ఒళ్ళంతా కుంచించుకుపోయేంత సిగ్గు. తలపాగా తీసి ఉమాకాంత్ చేతిలో పెట్టి, పొద్దున్నే నాకు సంగతి తెలుసు తమ్మీ అని అందరి ముందూ చెప్పేద్దామనుకున్నాడు. చెయ్యి తలపాగా దాకా వెళ్ళింది కూడా. కానీ ఉమాకాంత్ అప్పటికే కాళ్ళకు దండం పెట్టడానికి వంగాడు, పూజారి హారతి ఇచ్చాడు, చుట్టూ ఉన్నవాళ్ళు ఉమాకాంత్ పెద్ద మనసు గురించి ఒకరికొకరు చెప్పుకోవడం మొదలుపెట్టారు. చెప్పుకునేవాళ్ళలో స్వరాజ్యం గొంతే గట్టిగా ఉంది.

వింటూ వింటూ లక్ష్మీరాజం చెయ్యి కిందికి దించేశాడు. తోడల్లుడికి పరువు పోకుండా తలపాగా ఇప్పించాలన్న ఇంత గొప్ప ఆలోచన ఈ ఉమాకాంత్‌కే ఎందుకు రావాలని అతని కడుపు మళ్ళీ భగ్గుమంది.